ఈటె చేయాలంటే ముందు గొట్టం మీద చెయ్యి కుదరాలి

మీరు అడిగింది ఇదీ: రెండేళ్లుగా చిన్న గ్యాస్ కొలిమి మీద కొక్కేలు, కత్తులు చేస్తున్నారు, ఇప్పుడు ఒక ఈటె చేయాలని ఉంది. చేతిలో 20 మి.మీ. గుండ్రటి మైల్డ్ స్టీల్ (కార్బన్ తక్కువున్న మెత్తటి ఉక్కు) కడ్డీ, ఒక పాత లీఫ్ స్ప్రింగ్ (బండి కింద ఉండే పట్టీ స్ప్రింగ్) ముక్క ఉన్నాయి. కర్ర దూరే గొట్టం చుట్టబోతే రెండుసార్లూ మెడ దగ్గర, అంటే గొట్టం ఆకును (ఈటె పదును భాగాన్ని) కలిసే సన్నటి చోట, చిరిగిపోయింది. పైపు ముక్క ఒకటి వెల్డింగ్ చేసి పెట్టేస్తే సరిపోతుందా, చివర్లో గట్టిపరచడం (ఎర్రగా కాల్చి నూనెలో ముంచడం) ఎలా?

ముందు పైపు సంగతి చెప్పేస్తాను. గోడకు తగిలించుకునే వస్తువైతే పైపు వెల్డింగ్ చేసుకోవచ్చు, తప్పేం లేదు. కానీ ఆకు భాగం స్ప్రింగ్ స్టీల్‌తో చేసి దానికి మామూలు పైపును ఆర్క్ వెల్డింగ్‌తో అతికిస్తే, వెల్డింగ్ పక్కనే ఉన్న ఉక్కు ఒక్కసారిగా వేడెక్కి ఒక్కసారిగా చల్లారి గాజులా పెళుసుగా తయారవుతుంది. పైకి అతుకు అందంగా కనిపిస్తుంది, విరిగినప్పుడు మాత్రం అతుకు పక్కనే విరుగుతుంది. ముందుగా 200-250 డిగ్రీల దాకా వేడి చేసి, వెల్డింగ్ అయ్యాక బూడిదలోనో వర్మిక్యులైట్‌లోనో (వేడిని నిలిపే తేలికైన ఖనిజపు పలుకులు) పెట్టి నెమ్మదిగా చల్లారిస్తే ఆ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. ఇంకోటి, పైపు మీద జింక్ పూత ఉంటే దాన్ని కొలిమిలో అస్సలు పెట్టకండి. ఆ తెల్లటి పొగ పీలిస్తే జ్వరం వచ్చినట్టు ఒళ్లంతా వణుకుతుంది, ఎక్కువైతే ప్రాణం మీదకు వస్తుంది.

అయినా మీరు సుత్తితో చేయడం నేర్చుకుంటున్నారు కదా, ఈటెలో నేర్చుకోవాల్సిన పని అంతా గొట్టంలోనే ఉంది. ఆకు భాగం మీకు ఇప్పటికే వచ్చు, అది రెండు వైపులా పదునున్న చిన్న కత్తి, అంతే. గుండ్రటి కడ్డీ నుంచి పల్చటి రేకు సాగదీసి, ఆ రేకును కోన్ ఆకారంలో చుట్టి, అది ఆకుతో ఒకే గీతలో నిలబడేట్టు చేయడం, ఇదీ కొత్త విద్య. దాన్ని పైపుతో దాటేస్తే ఈటె మిగులుతుంది గానీ ఈటె చేయడం రాదు. అందుకే మొదటి ఈటె మొత్తం ఆ మైల్డ్ స్టీల్ కడ్డీతోనే చేయండి, గట్టిపరచడం గురించి ఇప్పుడు ఆలోచించకండి. పాతకాలంలో ఎన్నో ఈటెలు మామూలు ఇనుముతోనే చేశారు. స్ప్రింగ్ ముక్కను రెండోదానికి దాచండి.

సరే, చిరగడం ఎందుకు జరుగుతోంది? మీరు రాసినదాన్ని బట్టి నాకు మూడు కారణాలు కనిపిస్తున్నాయి, బహుశా మూడూ కలిసే ఉంటాయి. మొదటిది, మీరు మెడను ముందే బాగా సన్నం చేసి ఆ తర్వాత వెనక భాగాన్ని వెడల్పు చేశారు. రేకును పక్కలకు సాగదీసే ప్రతి దెబ్బా మెడను కూడా లాగుతుంది, అది అప్పటికే సన్నగా ఉంటే తట్టుకోలేదు. రెండోది, మెడ దగ్గర దాగలి అంచు మీద పెట్టి కొట్టారు, ఆ అంచు పదునుగా ఉంది. అలాంటి మూలలో లోహం కొద్దిగా మడతపడి దానిమీదే మూసుకుపోతుంది, కంటికి సన్న గీతలా కనిపిస్తుంది, అదే తర్వాత చీలికగా మారుతుంది. దాగలి అంచును కనీసం 5-6 మి.మీ. గుండ్రంగా అరగదీసుకోండి, లేకపోతే 12 మి.మీ. గుండ్రటి కడ్డీని అడ్డంగా పెట్టి దానిమీద మెడను నొక్కండి. గీత కనిపించిన వెంటనే కొట్టడం ఆపి, ఆకురాయితో ఆ గీత పూర్తిగా పోయేదాకా రుద్ది, అప్పుడు ముందుకు వెళ్లండి. ‘తర్వాత చూసుకుందాం’ అని వదిలేసిన గీత మళ్లీ దానంతట అది పోవడం ఉండదు.

మూడోది గ్యాస్ కొలిమిలో అందరికీ వచ్చే సమస్య. 2 మి.మీ. రేకు, 15 మి.మీ. మెడ రెండూ ఒకే గదిలో వేడెక్కుతున్నాయి. మెడ నారింజ రంగుకు వచ్చేసరికి రేకు అంచులు తెల్లబడి కాలిపోతాయి. కాలడం వద్దని ముందే బయటికి తీస్తే మెడ లోపల ఇంకా చల్లగానే ఉంటుంది, ఆ స్థితిలో వంచితే చిరుగుతుంది. దీనికి మందు ఏమిటంటే, కొలిమికి వెనక కూడా తలుపు ఉంటే రేకును ఆ తలుపులోంచి బయటికి పంపి మెడ మాత్రం మంట మధ్యలో ఉండేట్టు పెట్టడం. వెనక తలుపు లేకపోతే మొత్తం వేడి చేసి, రేకు అంచును మాత్రం ఒక్క క్షణం నీళ్లలో ముంచి తీసి, అప్పుడు మెడ మీద పని చేయడం. ఈ నీళ్ల చిట్కా మైల్డ్ స్టీల్‌కు మాత్రమే. స్ప్రింగ్ స్టీల్ మీద చేస్తే రేకు అక్కడికక్కడే పగులుతుంది.

ఇప్పుడు కొలతలు. చాలామంది ఇక్కడే ఊహ మీద వెళ్లిపోయి చివర్లో రేకు సరిపోక ఇబ్బంది పడతారు, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. కర్ర చివర 24 మి.మీ. వ్యాసం అనుకుందాం. గొట్టం మందం 2 మి.మీ. అయితే లెక్క వేయాల్సింది లోపలి వ్యాసం మీద కాదు, రేకు మందం మధ్యలో ఉండే వ్యాసం మీద, అంటే 26. దాన్ని 3.14తో గుణిస్తే దాదాపు 82 మి.మీ. రేకు వెడల్పైన చివర అంత ఉండాలి. మెడ వైపు 30 మి.మీ. చాలు, పొడవు 110. నోటి దగ్గర 2 మి.మీ., మెడకు దగ్గరయ్యేకొద్దీ 3 మి.మీ. మందం ఉంటే మంచిది, సగటున 2.5 అనుకోండి. మొత్తం ఘనపరిమాణం 15,400 ఘన మి.మీ. మీ 20 మి.మీ. కడ్డీ అడ్డకోత వైశాల్యం 314 చదరపు మి.మీ., కాబట్టి గొట్టానికి 49 మి.మీ. కడ్డీ పడుతుంది. ప్రతి వేడికీ పైపొర నల్లటి పొలుసుగా రాలిపోతుంది, అంచులు ఆకురాయితో సరిచేయాలి, అందుకని 55 పెట్టుకోండి. 200 మి.మీ. పొడవు, 40 మి.మీ. వెడల్పు, మధ్యలో 6 మి.మీ. మందం ఉన్న ఆకుకీ మెడకీ కలిపి ఇంకో 60. అంటే మొత్తం ఈటె మీ కడ్డీలో దాదాపు 115 మి.మీ. మాత్రమే, 280 గ్రాములు. మీరు మొదటిసారి 250 మి.మీ. ముక్క కోసుకున్నానని రాశారు, అంత అక్కర్లేదు.

అలాగని 115 దగ్గర కోసేయకండి. అరమీటరు కడ్డీని అలాగే ఉంచి, అదే పిడిగా పట్టుకుని గొట్టం పూర్తి చేయండి. పట్టకారు జారిపోతుందన్న టెన్షన్ లేకుండా పని చేసుకోవచ్చు, ఆ తేడా దెబ్బల్లో కనిపిస్తుంది. గొట్టం ముందు చేయడానికి ఇంకో కారణం కూడా ఉంది. పాడయ్యేదేదైనా ఉంటే అదే పాడవుతుంది, పాడైతే 55 మి.మీ. కోసి పారేసి అదే కడ్డీ మీద మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఆకు అందంగా చేసుకున్నాక గొట్టం చిరిగితే బాధే వేరు.

కడ్డీ చివర నుంచి 55 దగ్గర సెంటర్ పంచ్‌తో గుర్తు పెట్టండి. చాక్‌పీస్ గుర్తు మొదటి వేడికే పోతుంది. అక్కడ కొద్దిగా, కొద్దిగా మాత్రమే, నాలుగు వైపులా నొక్కి 15-16 మి.మీ.కు తగ్గించండి. ఇది మెడ కాదు, మెడ ఎక్కడుంటుందో చెప్పే గుర్తు. అసలు మెడ చివర్లో చేస్తాం. తర్వాత ఆ 55 ముక్కను చదును చేస్తూ 8-9 మి.మీ. పట్టీగా మార్చండి. ఇప్పుడు సుత్తి తిప్పి సన్నటి ముక్కు ఉన్న వైపుతో కొట్టాలి. ముక్కు గీత కడ్డీ పొడవుకు సమాంతరంగా పడితే లోహం పక్కలకు వెళ్తుంది, అడ్డంగా పడితే పొడవుకు వెళ్తుంది. మనకు రెండూ కావాలి, కానీ చివర్లో వెడల్పు ఎక్కువ, మెడ దగ్గర తక్కువ. అందుకని మధ్య గీత నుంచి మొదలుపెట్టి చివరి అంచు వైపు వెళ్తూ, దెబ్బలు కొద్దికొద్దిగా ఏటవాలుగా రెండు పక్కలకీ తెరుచుకునేట్టు వేయండి. విసనకర్ర ఆకారం దానంతట అదే వస్తుంది. ముక్కు దెబ్బల గాళ్లను ప్రతి వేడికీ చదును మొహంతో సరిచేసుకుంటూ ఉండాలి, లోతుగా మిగిలిన ప్రతి గాడీ తర్వాత చుట్టేటప్పుడు మడతపడే చోటవుతుంది.

రేకు 4 మి.మీ. కంటే పల్చబడ్డాక వేడి నిలవదు. కొలిమిలోంచి తీసి దాగలి మీద పెట్టగానే దాగలే ఆ వేడిని పీల్చేస్తుంది. దాగలిని ముందే ఒక వేడి ఇనుప దిమ్మతో కాస్త వేడెక్కించుకోండి, తీసిన వెంటనే నాలుగైదు గట్టి దెబ్బలు వేయండి, ఎరుపు మసకబారగానే ఆపండి. మసక ఎరుపు కింద రేకును సాగదీయాలని చూడటం వల్లే అంచుల్లో చిన్న చిన్న చీలికలు వస్తాయి. వచ్చినవి చిన్నవైతే కత్తిరించేయొచ్చు, అందుకే కదా 49కి బదులు 55 తీసుకున్నాం. అట్టముక్క మీద 82, 30, 110 కొలతలతో ఆకారం గీసి కత్తిరించి పెట్టుకుని రేకును దానితో పోల్చుకుంటూ పోండి. ఎక్కువున్నది కటింగ్ వీల్‌తో తీసేసి అంచులు ఆకురాయితో నునుపు చేయండి.

చుట్టడం దగ్గర తొందర వద్దు. దీనికి పెద్ద సుత్తి పనికిరాదు, అర కిలో సుత్తి చాలు. గాడి కావాలి: స్వేజ్ బ్లాక్ (రకరకాల గాళ్లున్న ఇనుప దిమ్మ) ఉంటే సరే, లేకపోతే రెండు గుండ్రటి కడ్డీలను 35-40 మి.మీ. ఎడంగా పక్కపక్కనే వెల్డింగ్ చేసుకోవచ్చు, బెంచ్ వైస్ దవడలు తెరిచి వాడుకోవచ్చు, గట్టి చెక్క మొద్దులో గాడి తొలిచి వాడుకోవచ్చు. నాకు చెక్క మొద్దే ఇష్టం. పొగ వస్తుంది, నల్లగా కాలుతుంది, కానీ రేకు మీద దెబ్బ మచ్చలు పడవు, వేడి కూడా తొందరగా పోదు.

ముందు రెండు అంచులనూ పొడవునా కొద్దిగా లోపలికి వంచండి. ఈ మెట్టు దాటేసి నేరుగా మధ్యలో కొడితే రేకు పడవలా వంగుతుంది గానీ అంచులు మాత్రం తిన్నగా నిలబడిపోతాయి, చివర్లో మూసినప్పుడు గొట్టం గుండ్రంగా రాకుండా కోడిగుడ్డులా వస్తుంది. అంచులు తిరిగాక రేకును గాడిలో పెట్టి మధ్యలో గుండ్రటి కడ్డీతోనో సుత్తి గుండ్రటి వైపుతోనో కిందికి దించండి. ‘యు’ ఆకారం వచ్చాక తెరిచి ఉన్న వైపు పైకి పెట్టి, రెండు అంచులనూ మార్చి మార్చి ఒకదానివైపు ఒకటి తట్టండి. మెడ వైపు నుంచి మొదలుపెట్టి నోటి వైపు రండి. నోరు ముందే మూసుకుపోతే లోపల మెడ దగ్గర ఏం చేయడానికీ వీలుండదు. అంచులు దగ్గరకు వచ్చాక కోన్ ఆకారపు కడ్డీ ఒకటి (దీన్ని ముందే చేసి పెట్టుకోవాలి, 24 మి.మీ. నుంచి 8కి 120 పొడవులో సన్నబడేది) లోపల పెట్టి చుట్టూ తేలిగ్గా తడుతూ గుండ్రం చేయండి. చల్లటి కడ్డీ చుట్టూ వేడి గొట్టం ముడుచుకుని బిగుసుకుంటుంది, కాబట్టి ప్రతి నాలుగైదు దెబ్బలకోసారి తిప్పి వదులు చేసి, ఎరుపు పోకముందే బయటికి లాగేయండి. చల్లారాక లాగాలంటే రాదు.

అతుకును వెల్డింగ్ చేయాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. ఇంగ్లండ్‌లో ఆంగ్లో-సాక్సన్ సమాధుల్లో దొరికిన ఈటెల్లో గొట్టం అతుకు తెరిచి ఉండటం మామూలు విషయం. గొట్టం మందం సరిగా ఉండి, కర్ర బాగా కుదిరి, ఒక రివెట్ ఉంటే తెరిచిన అతుకు వల్ల ఏ నష్టమూ లేదు. వెల్డ్ చేయాలనే ఉంటే అంచులను ముందే పల్చగా ఏటవాలు చేసి 5 మి.మీ. ఒకదానిమీద ఒకటి ఎక్కేట్టు చుట్టాలి, బోరాక్స్ (అతుకు శుభ్రంగా ఉంచే పొడి) చల్లి, తెల్లబడే వేడికి తెచ్చి లోపల కోన్ పెట్టి తేలిక దెబ్బలతో అతికించాలి. 2 మి.మీ. రేకును ఆ వేడికి తేవడమంటే కాలిపోవడానికీ అతుక్కోవడానికీ మధ్య చాలా సన్నటి గీత. మొదటి ఈటెకు ఆ సాహసం వద్దు.

ఇప్పుడు కడ్డీని కోయొచ్చు. గుర్తు నుంచి అవతలికి 60-65 మి.మీ. వదిలి కోసి, గొట్టాన్ని పట్టకారుతో పట్టుకోవాలి. పట్టకారు గొట్టాన్ని నలిపేయకుండా లోపల ఆ కోన్ కడ్డీనే వదులుగా పెట్టి దాని మీదుగా పట్టుకోండి. ఇకనుంచి గొట్టం మంటలోకి వెళ్లకూడదు, ఆకు మాత్రమే వెళ్లాలి.

ఆకు గురించి పెద్దగా చెప్పను, కత్తులు చేసినవారికి తెలిసిందే. ఒక్క విషయం: మొనను ముందు మొద్దుగా, నలుచదరంగా, పొట్టిగా చేసి ఆ తర్వాతే సన్నం చేయండి. నేరుగా సన్నగా సాగదీస్తే పైపొర లోపలి లోహం కంటే ముందుకు జారి చివర చేప నోరులా తెరుచుకుంటుంది. ఆ నోరు మూసి కొడితే లోపల చీలిక దాక్కుంటుంది. మొన, మధ్యలో లావు, వెనక మెడ, ఈ మూడూ నలుచదరంగా ఉన్నప్పుడే సరైన చోట ఉంటే, చదును చేసేసరికి ఆకు ఆకారం వచ్చేస్తుంది, గ్రైండర్‌తో కోయాల్సింది చాలా తక్కువ ఉంటుంది. మధ్య వెన్ను కోసం దాగలి మీద కొడితే పైవైపు వెన్ను తేలుతుంటే కిందివైపు వెన్ను చదునవుతుంది. ‘వి’ ఆకారం గాడి ఉన్న దిమ్మ ఉంటే కింది వెన్నును అందులో కూర్చోబెట్టి పై పలకలను కొట్టొచ్చు. అది లేకపోతే మధ్యలో మందం వదిలేసి అంచులు పల్చన చేసి, వెన్ను గీతను ఆకురాయితో తేల్చండి. నేను రెండో పద్ధతికే ఓటు వేస్తాను, ఎందుకంటే ఆకురాయితో వచ్చిన వెన్ను గీత తిన్నగా ఉంటుంది, మొత్తం ఈటెలో ముందు కంటికి తగిలేది ఆ గీతే. అంచుల్లో కుడివైపు ఎన్ని దెబ్బలు పడితే ఎడమవైపూ అన్నే పడాలి, లేకపోతే ఆకు అరటిపండులా పక్కకు వంగుతుంది.

మెడను ఇప్పుడు పూర్తి చేయండి. గొట్టం, ఆకు రెండూ తయారయ్యాక మధ్యలో మిగిలిన ఆ లావు భాగాన్ని గుండ్రటి కడ్డీ మీద తిప్పుతూ 11-12 మి.మీ.కు తెచ్చి రెండు వైపులా నున్నగా కలిసిపోయేట్టు చేయాలి. ఇక్కడ ఎక్కడా మూల కనిపించకూడదు. ఈటె మీద పడే బరువంతా ఈ భాగం మీదుగానే కర్రలోకి వెళ్తుంది, పదునైన మూల ఎక్కడుంటే అక్కడే మొదట పగుళ్లు వస్తాయి.

తర్వాత తిన్నదనం చూడాలి. దీన్ని కంటితో చూసి సరే అనుకోవద్దు. తిన్నటి గుండ్రటి కర్ర ముక్కను గొట్టంలో బిగించి, ఆ కర్రను చదునైన బల్ల మీద దొర్లించండి, ఆకు బల్ల అంచు బయట ఉండాలి. మొన గాల్లో ఒకే చోట తిరిగితే సరిగా ఉన్నట్టు, వృత్తం గీస్తుంటే గొట్టం, ఆకు ఒకే గీతలో లేవని అర్థం. మెడను మాత్రమే ఎర్రగా చేసి చెక్క మొద్దు మీద చెక్క సుత్తితో తట్టి సరిచేయండి. దీనికి ఎంత సమయం పట్టినా పెట్టండి. చేత్తో పట్టుకున్న క్షణమే తెలిసేది ఇదే, పాలిష్ ఎంత చేసినా దీన్ని కప్పలేదు.

మైల్డ్ స్టీల్ ఈటె ఇక్కడికి అయిపోయినట్టే. ఇక లీఫ్ స్ప్రింగ్ ముక్క. దాని సుఖం ఏమిటంటే అది ఇప్పటికే పట్టీగా, వెడల్పుగా ఉంటుంది, కాబట్టి విసనకర్ర సాగదీయడం సగం తప్పుతుంది. కష్టం ఏమిటంటే అది ఏ ఉక్కో కచ్చితంగా తెలియదు, 5160 అనే క్రోమియం కలిసిన స్ప్రింగ్ స్టీల్ కావచ్చు, సిలికాన్-మాంగనీస్ రకం కావచ్చు. వాడి పారేసిన స్ప్రింగ్‌లో కంటికి కనిపించని పగుళ్లు కూడా ఉండొచ్చు. అందుకని పని మొదలుపెట్టే ముందే ఒక చిన్న ముక్క కోసి, అయస్కాంతం అంటని వేడి దాటాక ఇంకొంచెం పైకి తీసుకెళ్లి నూనెలో ముంచి, ఆకురాయి పెట్టి చూడండి. ఆకురాయి కొరక్కుండా జారిపోతే గట్టిపడుతోందని అర్థం. ఆ ముక్కను గుడ్డలో చుట్టి వైస్‌లో పెట్టి విరిచి లోపల చూడండి. బూడిద రంగులో మెత్తటి పట్టులా ఉంటే వేడి సరిపోయింది, పంచదార పలుకుల్లా మెరిస్తే వేడి ఎక్కువైంది. ఇది స్ప్రింగ్ స్టీల్ కాబట్టి 850 డిగ్రీల కంటే, అంటే మెరిసే ఎరుపు కంటే కిందికి దిగాక కొట్టకండి, నారింజ దాటి తెల్లబడేదాకా వేడి చేయకండి.

ఆకారం పూర్తయ్యాక నార్మలైజింగ్, అంటే వేడి చేసి గాలిలో చల్లారనివ్వడం, తప్పనిసరి. సుత్తి దెబ్బలతో, అసమానమైన వేడితో లోపల పేరుకున్న ఒత్తిడి పోవాలి, ఉక్కు లోపల పెరిగిన గింజలు (సన్నటి స్ఫటికాలు) చిన్నవవాలి. 870 డిగ్రీలకు ఒకసారి, తర్వాత 840, తర్వాత 800కు వేడి చేసి, ప్రతిసారీ గాలి తగలని చోట వేలాడదీసి నల్లబడేదాకా చల్లారనివ్వండి. కొలిచే సాధనం లేకపోతే అయస్కాంతాన్ని నమ్మండి, 770 డిగ్రీల దగ్గర ఉక్కు దానికి అంటుకోవడం మానేస్తుంది, అక్కడి నుంచి రంగు ఎంత పెరిగిందో చూసుకోవచ్చు. ఇదంతా వెలుతురు తక్కువున్న చోట చేయాలి, ఎండలో రంగులు మోసం చేస్తాయి.

గట్టిపరిచేముందు అంచులను కనీసం ఒకటిన్నర మి.మీ. మందంగా వదిలేయండి, పదును ఆఖర్న. నూనెను 50-60 డిగ్రీలకు వేడి చేసి పెట్టుకోండి. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని నెమ్మదిగా లాగుతుంది, అందుకే ఈ ఏర్పాటు. ఆకు మొత్తం ఒకే రంగులో, 830-840 దగ్గరకు వచ్చాక మొన కిందికి పెట్టి తిన్నగా ముంచి, పైకీ కిందికీ మాత్రమే కదపండి, పక్కలకు ఊపితే వంగుతుంది. ముంచేది ఆకు మాత్రమే, మెడ సగం దాటకూడదు. గొట్టం మెత్తగా ఉండటమే మనకు కావాలి. పైగా వేడి గొట్టం నోరు నూనెలోకి దిగితే లోపల మరిగిన నూనె పైకి చిమ్ముతుంది, మీ ముఖం సరిగ్గా దాని ఎదురుగానే ఉంటుంది. నూనె ఇనుప డబ్బాలోనే ఉండాలి, మూత చేతికి అందే దూరంలో ఉండాలి, మంట లేస్తే నీళ్లు కాదు, మూత. కళ్లద్దాలు, తోలు గ్లోవ్స్, గాలి ఆడే చోటు, ఇవి చెప్పక్కర్లేదనుకుంటాను. గ్యాస్ కొలిమి కూడా కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది, తలుపులు మూసుకుని పని చేయకండి.

నూనెలోంచి తీసిన ఈటె ఆ స్థితిలో కింద పడితే విరిగిపోయేంత పెళుసుగా ఉంటుంది, మర్నాటికి వాయిదా వేయకండి. చేత్తో పట్టుకోగలిగేంత చల్లారగానే ఓవెన్‌లో పెట్టి 230-250 డిగ్రీల్లో రెండు గంటలు, చల్లార్చి మళ్లీ రెండు గంటలు టెంపరింగ్ (పెళుసుదనం తగ్గించే తక్కువ వేడి) చేయండి. కత్తికైతే 200 సరిపోయేది, ఈటెకు అంత పదును నిలవాల్సిన పనిలేదు, విరక్కుండా ఉండటం ముఖ్యం. అలాగని ఇంకా పైకి, 260 నుంచి 370 మధ్యకు ఆకును తీసుకెళ్లకండి. ఆ మధ్యలో చాలా ఉక్కులు మెత్తబడతాయి గానీ దెబ్బ తట్టుకునే గుణం తగ్గిపోతుంది. మెడ పక్కన గట్టిపడిన కొద్ది భాగాన్ని మాత్రం చిన్న టార్చ్‌తో విడిగా వేడి చేసి నీలం దాటి బూడిద రంగు వచ్చేదాకా మెత్తబరచండి, ఆ సమయంలో ఆకును తడి గుడ్డలో చుట్టి ఉంచండి.

చివరిది కర్ర. రేఖలు పొడవునా తిన్నగా పోయే, ముడులు లేని, బాగా ఎండిన కర్ర ఎంచుకోండి. రేఖ పక్కకు జారిపోయిన చోట కర్ర విరుగుతుంది, ఎంత లావున్నా. 2 మీటర్ల పొడవు, 25 నుంచి 28 మి.మీ. లావు మొదటి ఈటెకు సరిపోతుంది. నోటి దగ్గర వ్యాసం కర్ర లావుకు కాస్త తక్కువే కాబట్టి ఆ చివరను కోన్‌గా చెక్కుకోవాలి. గొట్టం లోపల దీపం మసి పూసి, కర్రను దూర్చి తిప్పి తీయండి. మసి అంటిన చోట్లే ఎత్తుగా ఉన్నట్టు, అవి గీకండి, మళ్లీ దూర్చండి. పొడవునా సమానంగా మసి అంటేదాకా ఇదే పని. గొట్టాన్ని ఎర్రగా కాల్చి కర్ర మీదకు దించేసే పద్ధతి ఒకటుంది, చూడటానికి బాగుంటుంది, త్వరగా అయిపోతుంది, కానీ కాలిన బొగ్గు పొర కొన్నాళ్లకు పొడిగా రాలి ఈటె ఊగడం మొదలుపెడుతుంది. నేను ఒప్పుకోను. పైగా స్ప్రింగ్ స్టీల్ ఈటె అయితే ఆ వేడి ఆకులోకి పాకి చేసిన టెంపరింగ్ అంతా పోతుంది.

కుదిరాక నోటి అంచుకు కనీసం 20 మి.మీ. దూరంలో, అతుకుకు పక్కగా, 4 మి.మీ. రంధ్రం చేసి మెత్తటి ఇనుప రివెట్ ఒకటి అటూ ఇటూ తట్టి బిగించండి. ఒక్కటి చాలు. రెండు పెడితే కర్ర అక్కడ బలహీనమవుతుంది. బిగించేముందు గొట్టం లోపల మైనం పూయడం మర్చిపోకండి, తుప్పు మొదలయ్యేది కంటికి కనిపించని ఆ చోటే. కర్రకు అవిసె నూనె రెండు మూడు పూతలు పట్టించండి. ఆ తర్వాత ఎప్పుడైనా కర్ర ఎండి కుంచించుకుని గొట్టం ఊగుతున్నట్టు అనిపిస్తే మేకులు, జిగురు పెట్టొద్దు, రివెట్ తల అరగదీసి తీసేసి, కర్రను ఇంకో రెండు మూడు మి.మీ. లోపలికి దించి కొత్త రివెట్ వేయండి, పాత రంధ్రం అందకపోతే కాస్త పక్కన కొత్తది చేసుకోవచ్చు. ఈటె కలిగి ఉండటం, బయటికి తీసుకెళ్లడం గురించి మీరుండే చోట చట్టం ఏం చెబుతుందో ఒకసారి చూసుకోండి, పని మొదలుపెట్టే ముందే.